చచ్చి సాధించేది సినిమాలోనే

పోస్టు కొంచెం పొడుగే, ఓపిక చేసుకుని చదవండి. నేను బడిలో చదివింది తమిళ మీడియం. తెలుగు అక్షరాలు ఇంట్లో అమ్మ నేర్పినవి. భాషలో తప్పులుంటే దిద్దండి, విషయం మాత్రం దాటేయకండి.

మన సంఘం వార్షికోత్సవంలో పిల్లలచేత పాత సినిమా సీన్లు వేయించబోతున్నారు. చాలా సంతోషం. అందులో 'మరో చరిత్ర' ఆఖరి సీను పెట్టాల్సిందేనని కమిటీలో కొందరు పట్టుబట్టారు. "మన సినిమా సార్ అది, మద్రాసులో తెలుగులోనే ఏడాది దాటి ఆడింది" అన్నారు. నిజమే. 1978లో బాలచందర్ తీసిన ఆ బ్లాక్ అండ్ వైట్ సినిమాను మన తమిళనాడు డబ్బింగ్ లేకుండానే చూసింది. తమిళ అబ్బాయి, తెలుగు అమ్మాయి, పక్కపక్క ఇళ్లు, మధ్యలో భాష గోడ. మనలాంటి వాళ్ల కథ. కమల్ హాసన్, సరిత ఎంత బాగా చేశారో నేను చెప్పనక్కర్లేదు. అయినా ఆ ఆఖరి సీను మన వేదిక మీద స్కూలు పిల్లలచేత వేయించడానికి నేను ఒప్పుకోను. ఎందుకో చెబుతాను.

ముందు ఒక నియమం. ఎవరు ఏ విధంగా ప్రాణం తీసుకున్నారో ఈ పోస్టులో వర్ణించను. కామెంట్లలో మీరూ రాయకండి.

"ఆ జంట మీద గూండాల చేత దాడి చేయించారు కదా, అది ఆత్మహత్య ఎలా అవుతుంది, హత్యే" అని ఒకరు వాదించారు. దాడి చేయించినవాళ్ల పాపాన్ని సినిమా చూపించింది, కాదనను. కానీ ఆఖరి అడుగు ఆ జంట చేతే వేయించింది. ఆ చావునే వాళ్లకు పెళ్లిలాగా చేసి పెట్టింది. హాల్లోంచి బయటికి వచ్చే కుర్రాడికి గుర్తుండేది గూండాలు కాదు, కలిసి వెళ్లిపోయిన జంట.

1981లో అదే కథ 'ఏక్ దూజే కే లియే' పేరుతో హిందీలో వచ్చింది. ఆ సినిమా తర్వాత కొన్ని జంటలు ప్రాణాలు తీసుకున్నాయని పత్రికల్లో వచ్చింది. ఆ గొడవ చూసి ముగింపు మార్చి, జంటను బతికించి చూశారు. జనానికి నచ్చలేదని మళ్లీ పాత ముగింపే పెట్టారు. ఈ సంగతి ఎత్తి, "చూశారా, ప్రేక్షకుడికి కావలసింది అదే" అనేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు.

ఇది ఒట్టి సాకు. సినిమా అంతా చావు వైపు నడిపించి, చివర్లో ఒక రీలు కత్తిరించి ఇంకోటి అతికిస్తే ఎవరు ఒప్పుకుంటారు? మొదటినుంచీ బతుకు వైపు నడిపించి చూడండి. అదే 1981లో భారతీరాజా తమిళంలో 'అలైగళ్ ఓయ్‌వదిల్లై', తెలుగులో 'సీతాకోకచిలుక' తీశారు. బ్రాహ్మణుల అబ్బాయి, క్రైస్తవుల అమ్మాయి, ఊరంతా ఎదురు తిరిగింది. చివర్లో అబ్బాయి జంధ్యం తీసేశాడు, అమ్మాయి సిలువ తీసేసింది, ఇద్దరూ బతికి ఊరు దాటారు. రెండు భాషల్లోనూ జనం నెత్తిన పెట్టుకున్నారు. 1989లో మణిరత్నం 'గీతాంజలి' వచ్చింది. అందులో ఇద్దరికీ డాక్టర్లు రోజులు లెక్కపెట్టేశారు. బతుకు మీద ఆశ వదులుకోవడానికి అంతకన్నా కారణం ఏ ప్రేమికులకుంటుంది? అయినా ఉన్న నాలుగు రోజులూ బతుకుదామనే కథ అది. దాన్నీ జనం గెలిపించారు. కాబట్టి జనం చావు అడిగారన్న మాట చెల్లదు. బాగా చెబితే జనం బతుకునూ చూస్తారు.

బాలచందర్‌కు ఈ సంగతి తెలియదనీ అనను. 1986లో ఆయనే 'పున్నగై మన్నన్' తీశారు, తెలుగులో 'డాన్స్ మాస్టర్' అని వచ్చింది. మొదట్లోనే ప్రియురాలిని పోగొట్టుకుని తాను బతికిపోయిన కుర్రాడు మళ్లీ నవ్వగలడు, మళ్లీ ప్రేమించగలడు అని చూపించారు. ఎంత మంచి కథ! కానీ చివరికి ఆ కొత్త జంటనూ బతకనివ్వలేదు. ఇవాళ కేరళలో ఆ మొదటి సీను తీసిన జలపాతాన్ని జనం ఆ సినిమా పేరుతోనే పిలుచుకుంటారు. ఆ కుర్రాడు కోలుకున్న సంగతి మరిచిపోయారు, చావు సీను మాత్రం ఊరి పేరులో మిగిలిపోయింది.

ఇప్పుడు అసలు మాటకు వస్తాను. "చచ్చి సాధించాడు" అని మనలో ఒక మాట ఉంది. మామూలుగా వెటకారానికి అంటాం. సినిమా దాన్ని నిజం చేసి చూపిస్తుంది. హీరో పోయాక కూడా కెమెరా అక్కడే ఉంటుంది. తండ్రి గుండెలు బాదుకుంటాడు, కాదన్న అమ్మాయి పరుగెత్తుకొస్తుంది, ఊరంతా తల దించుకుంటుంది. అవన్నీ మనం చూస్తాం కాబట్టి పోయినవాడూ చూస్తున్నట్టే అనిపిస్తుంది. పదిహేనేళ్ల పిల్లవాడు ఇంట్లో తిట్లు తిని గదిలో కూర్చుని అనుకునేది సరిగ్గా అదే: నేను లేకపోతే అప్పుడు తెలిసొస్తుంది వీళ్లకి. నాయనా, వాళ్లకు తెలిసిరావచ్చు. కానీ ఆ సంగతి చూసుకోవడానికి నువ్వుండవు. ఈ ఒక్క ముక్క ఏ ఏడుపు పాటా చెప్పదు.

తర్వాత ఏమవుతుందో నాకు తెలుసు. రైల్వేలో చాలా ఏళ్లు సెటిల్‌మెంట్ సెక్షన్‌లో గుమాస్తాగా చేశాను. సర్వీసులో ఉండగా పోయినవాళ్ల కాగితాలు మా టేబుల్ మీదికే వచ్చేవి. తమంతట తాము పోయినవాళ్లూ అందులో ఉండేవారు. ఎవరి వివరమూ చెప్పను. వారసుల సర్టిఫికెట్ కోసం భార్య తాలూకాఫీసుకు తిరగాలి. వెల్ఫేర్ ఇన్‌స్పెక్టర్ ఇంటికి వచ్చి విచారించాలి. పీఎఫ్, ఫ్యామిలీ పెన్షన్, కొడుక్కి కారుణ్య నియామకం, ఒక్కోదానికీ ఒక్కో ఫారం. ప్రతి కౌంటర్ దగ్గరా "ఎలా పోయారమ్మా" అని ఎవరో ఒకరు అడుగుతారు. ఆమె తల దించుకుని "గుండెపోటు" అంటుంది. కాగితంలో వేరే ఉంటుంది. మేం చదివీ చదవనట్టు ఉండేవాళ్లం. ఊళ్లో చుట్టాలు మాత్రం అలా ఊరుకోరు. ఆమె ఏం చేసిందో, ఏం అనిందో అని కథలు అల్లుతారు. సినిమాలో ఊరు తల దించుకుంటుంది. నిజంలో తల దించుకునేది పెళ్లాం, పిల్లలు, తల్లి.

రైలు పట్టాల మీద సీన్లు మన సినిమాల్లో కొల్లలు. ఒక్కదాంట్లో అయినా ఇంజన్‌లో ఉన్న మనిషి ముఖం చూశారా? లోకో పైలట్ బ్రేకు వేయగలడు, హారన్ కొట్టగలడు, అంతకుమించి అతని చేతిలో ఏమీ లేదు. ఆ తర్వాత వారాల తరబడి నిద్ర పట్టని పైలట్లు ఉంటారు. పట్టాల దగ్గరికి మొదట వెళ్లాల్సింది ట్రాక్‌మన్‌లు. వాళ్లకూ ఇంట్లో పిల్లలుంటారు. ఇవి చూపిస్తే ఆ సీను అందంగా ఉండదు. అందుకే చూపించరు.

ఇక మన పెద్దల సంగతి. కోపం వస్తే రానివ్వండి, చెప్పాలి. 'మరో చరిత్ర' చూసి వెక్కి వెక్కి ఏడ్చిన మామయ్యలు, అత్తయ్యలు మనలోనే ఉన్నారు. వాళ్లలో ఎందరు సొంత కూతురు తమిళ అబ్బాయిని, వేరే కులం అబ్బాయిని చేసుకుంటానంటే కూర్చోబెట్టి మాట్లాడారు? "నా శవం మీదుగా పో" అని బెదిరించినవాళ్లు కూడా ఆ సినిమాకు ఏడ్చినవాళ్లే. ఎందుకంటే జంట చనిపోతే పెద్దల పని సులువు. రెండు కన్నీటి చుక్కలు రాల్చి, "పాపం, ఎంత ప్రేమో" అనుకుని ఇంటికి రావచ్చు. జంట బతికి గుమ్మంలోకి వచ్చి నిలబడితేనే కష్టం. అప్పుడు ఒప్పుకోవాలి, లేదా కాదనాలి, ఏదో ఒకటి తేల్చాలి. సినిమా చావు పెద్దలకు ఆ కష్టం తప్పిస్తుంది. అందుకే అది వాళ్లకు అంత ఇష్టం.

"సినిమా చూసి చచ్చేవాళ్లు ఎవరయ్యా" అని అడుగుతారు. సినిమా ఒక్కటే చంపుతుందని నేనూ అనను. ప్రభుత్వ లెక్క చూడండి. జాతీయ నేర గణాంకాల సంస్థ ప్రకారం 2022లో దేశంలో 1,70,924 మంది ఇలా పోయారు. మన తమిళనాడులో 19,834 మంది, మహారాష్ట్ర తర్వాత రెండో స్థానం. కారణాల్లో కుటుంబ సమస్యలు నూటికి 32 దాకా, జబ్బు 18 దాకా, ప్రేమ వ్యవహారాలు నాలుగున్నర. సినిమాల్లో చూస్తే అంతా ప్రేమే. అప్పుతో, నొప్పితో, తాగుడుతో, మనసు జబ్బుతో నలిగేవాడి కథ తెర మీద కనపడదు. నిజంగా ఆపదలో ఉన్నవాడికి అద్దం దొరకదు. ప్రేమలో చిన్న దెబ్బ తిన్నవాడికేమో చావు అద్దంలో చూపిస్తారు.

కథ మనిషిని తాకుతుందన్నది కొత్త సంగతి కాదు. 1774లో జర్మనీలో గెటే రాసిన వెర్దర్ నవల చదివి కుర్రాళ్లు అనుకరించారని కొన్ని ఊళ్లలో పుస్తకాన్నే నిషేధించారు. సరిగ్గా రెండు వందల ఏళ్లకు, 1974లో ఒక అమెరికా పరిశోధకుడు ఈ అనుకరణకు 'వెర్దర్ ప్రభావం' అని పేరు పెట్టాడు. మొన్న 2019లో నెట్‌ఫ్లిక్స్ '13 రీజన్స్ వై' సిరీస్‌లో అలాంటి సీను ఒకటి తీసేసింది, మొదట చూపించిన రెండేళ్లకు. దీనికి రెండో వైపూ ఉంది. మోజార్ట్ సంగీత నాటకంలో పాపగేనో అనే పాత్ర ఆశ వదిలేసుకునే వేళకు ముగ్గురు పిల్లలు వచ్చి ఇంకో దారి ఉందని గుర్తు చేస్తారు. కష్టంలోంచి బయటపడినవాళ్ల కథలు చెబితే జనానికి మేలు జరుగుతుందని 2010లో వియన్నా పరిశోధకులు చెప్పి, దానికి 'పాపగేనో ప్రభావం' అని పేరు పెట్టారు. అంటే కథ చంపే వైపు లాగగలదు, బతికించే వైపూ లాగగలదు. ఏ వైపు లాగాలన్నది తీసేవాడి చేతిలో ఉంది, వేదిక ఎక్కించే మన చేతిలోనూ ఉంది.

"కళకు కళ్లెం వేస్తారా" అంటారు. వద్దు. చావు మాటే ఎత్తొద్దని నేననడం లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో సినిమావాళ్ల కోసమే ఒక పుస్తకం వేసింది. అందులో అడిగినవి పెద్ద కోరికలేం కాదు: పద్ధతి చూపించవద్దు, ఒకే కారణానికి కుదించవద్దు, సాయం దొరికే దారి చూపించండి, తట్టుకుని నిలబడినవాళ్లను చూపించండి. తెర మీద సిగరెట్ వెలిగిస్తే 2012 నుంచి కింద హెచ్చరిక వేస్తున్నారు. సిగరెట్‌కు ఉన్న హెచ్చరిక ప్రాణం తీసుకునే సీనుకు తప్పనిసరి కాకపోతే ఎలా?

ఇంకొకటి. ప్రాణం తీసుకోబోయి బతికినవాణ్ణి సినిమా పోలీసు ఇంకా కేసుతో బెదిరిస్తాడు. 2017 మానసిక ఆరోగ్య చట్టం అలాంటి మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నాడనే భావించాలి, శిక్షించకూడదు అంటోంది. 2024లో వచ్చిన భారతీయ న్యాయ సంహిత పాత 309 సెక్షన్‌ను వదిలేసింది. చట్టం మారింది, మన డైలాగులు మారలేదు. కేసు భయంతో ఆసుపత్రికి వెళ్లకుండా దాచే ఇళ్లు ఇంకా ఉన్నాయి.

కమిటీకి నా ప్రతిపాదన ఇది. 'మరో చరిత్ర' పాటలు పెట్టుకోండి, నేనూ చప్పట్లు కొడతాను. ఆఖరి సీను వద్దు. దాని బదులు 'సీతాకోకచిలుక' ఆఖరి సీను వేయించండి. దీనికి కొందరు పెద్దలు ఒప్పుకోరని నాకు ముందే తెలుసు. "జంధ్యం తీసే సీనా, సిలువ తీసే సీనా, గొడవ అవుతుంది" అంటారు. చావు సీనుకు లేని అభ్యంతరం బతికే సీనుకు ఎందుకు వస్తోందో వాళ్లు జవాబు చెప్పాలి. పిల్లలు చావడం వేదిక మీద చూడగలం, పిల్లలు మన మాట కాదని బతకడం చూడలేమా?

వార్షికోత్సవం కరపత్రం చివర ఒక నంబరు కూడా అచ్చు వేయించండి: 14416. ప్రభుత్వం నడిపే టెలి మానస్. రాత్రి పగలు ఎప్పుడైనా ఉచితంగా మాట్లాడవచ్చు, తెలుగులోనూ, తమిళంలోనూ. చెన్నైలో 'స్నేహ' అనే సంస్థ కూడా 1986 నుంచి ఇలాంటి మాటలు వింటూ వస్తోంది. ఈ పోస్టు చదువుతున్న మీలో ఎవరికైనా బతుకు బరువుగా ఉంటే, ముందు ఆ నంబరుకు చేయండి, లేదా ఇంట్లో ఒక్కరికైనా చెప్పండి. మీరు చెబితే వినడానికి మన సంఘంలో మనుషులున్నారు, నేనూ ఉన్నాను.

ఆదివారం మీటింగుకు తప్పకుండా వస్తాను. తిట్టాలనుకునేవాళ్లు అక్కడే తిట్టండి. కానీ నా ప్రశ్నకు జవాబు తెచ్చుకుని రండి.