రచయిత గారు ఆన్‌లైన్‌లో ఉన్నారు

పోయిన ఆదివారం ఓ పుస్తకప్రియుల వాట్సాప్ గ్రూపులో ఒకావిడ కొత్త నవల గురించి నాలుగు వాక్యాలు రాశారు. మొదటి వంద పేజీలు పొయ్యి మీద పాలు మరిచిపోయి చదివానన్నారు. ఆ తర్వాత ఒకే ఒక్క సందేహం అడిగారు. ‘‘బ్యాంకులో పనిచేసే నాయిక మార్చి 31న సెలవు పెట్టి అరకు ఎలా వెళ్లిందండీ? సర్వీసంతా బ్యాంకులోనే చేశాను, నాకైతే ఒక్కసారీ ఇవ్వలేదు’’ అని.

ఈ ఏడాది నేను చదివిన సమీక్షల్లో ఇంత పనికొచ్చేది ఇంకోటి లేదు. ఆ నవల మీద ఓ పత్రికలో అరపేజీ వ్యాసం కూడా వచ్చింది. అందులో ‘మానవ సంబంధాలు’ మూడుసార్లు కనిపించాయి గానీ నాయిక చేసే ఉద్యోగం ఊసే లేదు.

అయితే రచయిత కూడా అదే గ్రూపులో సభ్యుడు. రెండు నిమిషాల్లో ‘‘మీ అభిప్రాయాన్ని గౌరవిస్తున్నాను మేడమ్’’ అని దండం బొమ్మతో జవాబు వచ్చింది. వెనకే ఓదార్పు యాత్ర బయల్దేరింది. మీరు రాస్తూనే ఉండండి సార్ అని ఒకరు. కాయలున్న చెట్టుకే కదా రాళ్లు అని ఇంకొకరు. నవలలో లాజిక్ వెతికేవాళ్లు కవిత్వం చదవలేరని మరొకరు. మార్చి 31 సంగతి మాత్రం ఒక్కరూ ఎత్తలేదు. సాయంత్రానికి ఆవిడ తన మెసేజ్ తీసేశారు. మర్నాడు పొద్దున్నే శుభోదయం గులాబీలు యథావిధిగా పూశాయి.

ఆ రచయిత మీద నాకు కోపం లేదు. ఆయన మర్యాదగానే మాట్లాడాడు. నా పేచీ అంతా ఆయన్ని అక్కడ కూర్చోబెట్టిన పద్ధతితోనే. పెళ్లి పందిట్లో పిల్ల తండ్రిని పక్కన నిలబెట్టుకుని ‘వంకాయ కూర ఎలా ఉందండీ’ అని అడిగితే నిజం చెప్పే మొనగాడెవడు? మన పుస్తకాల కబుర్లన్నీ ఇప్పుడు ఆ బంతిలోనే నడుస్తున్నాయి.

అనుమానముంటే ఏ గ్రూపులోనైనా చూడండి. బుచ్చిబాబు ‘చివరకు మిగిలేది’ ప్రస్తావన రాగానే అందరికీ నోళ్లు లేస్తాయి. దయానిధి మనసు అసలెవరి మీద, అమృతం మీదా, కోమలి మీదా అని అర్ధరాత్రి దాకా కొట్టుకుంటారు. వాడంత చేతకానివాడు తెలుగు నవలలో లేడని ఒకరంటే, మన రావిశాస్త్రి ‘అల్పజీవి’లో సుబ్బయ్య ఉండగా దయానిధికి ఆ బిరుదేమిటని ఇంకొకరు తగులుకుంటారు. చలం ‘మైదానం’ ఎత్తితే ఇక చెప్పనే అక్కర్లేదు. రాజేశ్వరిని దేవతను చేసేవాళ్లూ, ఆ అమీరులో ఏం చూసిందమ్మా అని నెత్తి కొట్టుకునేవాళ్లూ సమానంగా తేలతారు. అది చదువరుల కబురంటే. అంత ధైర్యం ఎక్కడిది? బుచ్చిబాబు 1967లో పోయారు, చలం 1979లో. ఇద్దరూ దండం బొమ్మ పెట్టరు. బతికున్న రచయిత పుస్తకం దగ్గరికొచ్చేసరికి ఆ నోళ్లే మూతపడి, బొటనవేళ్లు మాత్రం పైకి లేస్తాయి.

వెనకటికి ఈ చిక్కు లేదు. యండమూరి ‘తులసిదళం’ ఆంధ్రభూమి వారపత్రికలో సీరియల్‌గా వచ్చిన కాలంలో మెచ్చుకున్నా తిట్టినా పాఠకుడి ఉత్తరం వెళ్లేది ఎడిటర్‌కి. రచయిత దాన్ని అందరితో పాటు అచ్చులోనే చూసుకునేవాడు. ఇష్టపడనివాళ్లు ఏ స్థాయిలో రాసేవారంటే, రంగనాయకమ్మ తన విమర్శకు ‘తులసిదళం కాదు, గంజాయి దమ్ము’ అనే పేరు పెట్టారు. ఆ మాటకి యండమూరి రాయడం మానలేదు, జనం కొనడమూ మానలేదు. ఇంటర్నెట్ కొత్తల్లో కూడా ఇంత మెత్తదనం లేదు. అమెరికాలో ఉద్యోగాలు చేసుకునేవాళ్లు తెలుగుని ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టుకుంటూ ఆన్‌లైన్ చర్చావేదికల్లో ఛందస్సు మీదా కథల మీదా హోరాహోరీగా వాదించుకున్నారు. 1998లో ‘ఈమాట’ వెబ్ పత్రిక పుట్టింది ఆ వాతావరణంలోనే. ఫాంట్లు లేవు గానీ, మొహమాటమూ లేదు.

ఇప్పుడు ఫాంట్లన్నీ ఉన్నాయి. వాట్సాప్ 2022లో గ్రూపు పరిమితిని 1,024కి పెంచింది. అందులో కవులు, కాబోయే కవులు, సంకలనకర్తలు, ముందుమాటల దాతలు పోగా ఉత్త పాఠకులు ఎందరో అడ్మిన్లే లెక్క తీయాలి. నీ పుస్తకానికి నేను, నా పుస్తకానికి నువ్వు. ఇచ్చిపుచ్చుకోవడాల మధ్య ఆ బ్యాంకు ఉద్యోగినిలాంటి మనిషికి చోటెక్కడ? ఆవిడ దగ్గర తిరిగి ఇవ్వడానికి పుస్తకం లేదు. ఉన్నదల్లా చదివిన అనుభవం.

రచయితతో నేరుగా మాట్లాడటం పాఠకుడి అదృష్టం కాదా అంటారు. కావచ్చు. అందుకు ఆవిష్కరణ సభలున్నాయి, శాలువాలున్నాయి, పుస్తక ప్రదర్శనలో స్టాలు ముందు సంతకాలున్నాయి. చదువరులు తమలో తాము మాట్లాడుకునే చోటు మాత్రం ఆయనది కాదు. అడ్మిన్లకు నా సలహా ఒక్కటే. ఒక పుస్తకం మీద మాట మొదలైందంటే, దాన్ని రాసినవారిని వారం రోజులు గ్రూపు నుంచి తీసేయండి. వారం తర్వాత సగౌరవంగా చేర్చుకోండి. అలిగి రానంటే మరీ మంచిది.

గ్రూపుల సంగతి ఎత్తాక రెండో జబ్బు గురించి చెప్పకుండా పోలేను. ఏ పుస్తకం పేరు రాసినా కింద వచ్చే మొదటి ప్రశ్న ‘‘పీడీఎఫ్ ఉందా?’’ అచ్చులో లేని పాత పుస్తకం కోసం అడిగితే నాకు అభ్యంతరం లేదు. ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో స్కాన్లు లేకపోతే మనలో చాలామంది తాతల కాలం పత్రికలు కంటితో చూసేవాళ్లమే కాదు. శ్రీకాకుళంలో కాళీపట్నం రామారావు (కారా) మాస్టారు 1997లో కథానిలయం పెట్టి కథల్ని పోగుచేయకపోతే సగం కథలు చెదలపాలయ్యేవి. కానీ నిన్నగాక మొన్న వచ్చిన రెండొందల రూపాయల నవలకి పీడీఎఫ్ ఏమిటి? మన చట్టం ప్రకారం రచయిత పోయాక కూడా 60 ఏళ్లు హక్కులుంటాయి. ఇక్కడ మనిషి గ్రూపులోనే కూర్చుని ‘టైపింగ్’ అని కనిపిస్తుంటే, ఆయన కళ్లెదుటే ఆయన పుస్తకాన్ని ఊరికే పంచుకుంటున్నారు. మొహంమీద విమర్శించడానికి మొహమాటం గానీ, దొంగిలించడానికి లేదు.

2011 లెక్కల్లో తెలుగు తమ మాతృభాష అని రాయించుకున్నవాళ్లు 8.11 కోట్లు. నవలేమో ఐదొందల కాపీలు వేసి, రెండేళ్లయినా మంచం కింద అట్టపెట్టెల్లో దాచుకుంటున్నాం. అయితే ఈ పాపమంతా పీడీఎఫ్ అడిగేవాడి నెత్తిన రుద్దను. కొనే స్థోమత లేనివాడు, కొనాలో వద్దో తేల్చుకోలేనివాడు ఇదివరకు లైబ్రరీకి వెళ్లేవాడు. బెజవాడలో 1914లోనే గ్రంథాలయ సంఘం పెట్టుకున్న జాతి మనది. అయ్యంకి వెంకటరమణయ్య గారు ఊరూరా తిరిగి పెట్టించిన గ్రంథాలయాల వారసులం. ఆ ఊళ్లలో ఇవాళ లైబ్రరీలో కనపడేది పోటీ పరీక్షల కుర్రాళ్లు, వాళ్లు ఇంటి నుంచి తెచ్చుకున్న గైడ్లు. ఆ పిల్లల్ని తప్పుపట్టను. ఫ్యాను కింద చోటు దొరకడమే వాళ్లకి గొప్ప. మరి బీరువాలో పుస్తకాలేవి? కొత్త తెలుగు నవల ఆ గుమ్మం తొక్కి ఎన్నేళ్లయింది?

డబ్బుల్లేవని మాత్రం అనకండి. 1960 నాటి గ్రంథాలయాల చట్టం కింద ఇంటిపన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సు మన దగ్గర ముక్కుపిండి వసూలు చేస్తున్నారు. వసూలు చేసేది మున్సిపాలిటీ, పంచాయతీ. చేరాల్సింది జిల్లా గ్రంథాలయ సంస్థకి. మధ్యలో ఏళ్ల తరబడి బకాయి. రెండు రాష్ట్రాల్లోనూ ఇదే కథ, ఏ పార్టీ వచ్చినా ఇదే కథ. మనం మాత్రం వెయ్యిన్ని ఇరవైనాలుగు మందిమి గ్రూపులో చేరి పుస్తకాల అట్టలకి హృదయాలు పెట్టుకుంటూ కూర్చున్నాం.

కాబట్టి ఈ వారం చదువరులకు ఓ పని చెబుతున్నాను. ఇంటిపన్ను రసీదు బయటికి తీసి గ్రంథాలయ సెస్సు ఎంత కట్టారో చూసుకోండి. ఆ కాగితం పట్టుకుని మీ శాఖా గ్రంథాలయానికి వెళ్లి, గత ఐదేళ్లలో కొన్న తెలుగు నవలల జాబితా అడగండి. ఇవ్వకపోతే సమాచార హక్కు చట్టం ఉంది, దరఖాస్తు రుసుము పది రూపాయలకు మించదు.