పెద్ద ఇంటర్‌కూలర్ పెడితే చాలా?

సైకిలుకు గాలి కొడితే పంపు వేడెక్కడం మీరు గమనించే ఉంటారు. కారు టర్బోలోనూ అంతే. 40 డిగ్రీల గాలిని రెట్టింపు పీడనానికి నొక్కితే దాని వేడి 100 డిగ్రీలు దాటుతుంది. వేడిగాలి పలుచన, అందులో ఆక్సిజన్ తక్కువ. ఆ గాలిని చల్లార్చి ఇంజనుకు పంపేదే ఇంటర్‌కూలర్.

ఇంజను శక్తి పెంచినవారు ఇంకా పెద్దది బిగిస్తుంటారు. రోజూ తిరిగే కారుకు అదే మొదటి పని కాకూడదని నా అభిప్రాయం. ఇంటర్‌కూలర్‌ను చల్లబరిచేది బయటిగాలే కదా! మే నెల ఎండలో రాజమండ్రి రద్దీలో కారు ఆగిపోతే పెద్దదీ వేడెక్కుతుంది. పైగా రేడియేటరుకు గాలి అడ్డితే ఇంజనుకే ముప్పు.

కనుక ముందు రేకుల మధ్య దుమ్ము దులపాలి, గొట్టాల లీకులు చూడాలి, ఇంజనులోకి పోయే గాలి వేడిని కొలవాలి. పరుగులోనూ ఆ వేడి తగ్గకుంటే అప్పుడు మార్చవచ్చు. మీ ఇంట్లో కారు ఉంటే పెద్దలకు చెప్పండి: ముందు కొలత, తర్వాతే ఖర్చు!