పెద్దపేగు క్యాన్సర్: డెలావేర్ చెరిపిన అంతరం

2020 ఆగస్టులో 'బ్లాక్ పాంథర్' కథానాయకుడు చాడ్విక్ బోస్‌మన్ పెద్దపేగు క్యాన్సర్‌తో కన్నుమూశాడు. అప్పటికి అతని వయస్సు 43 సంవత్సరాలు. అంత చిన్న వయస్సులో ఈ వ్యాధా అని ప్రపంచం ఆశ్చర్యపోయింది. కానీ అమెరికా ఆరోగ్య గణాంకాలను గమనిస్తున్నవారికి అందులో వింతేమీ కనబడలేదు. ఆ దేశంలో తెల్లవారితో పోలిస్తే నల్లజాతీయులకు ఈ క్యాన్సర్ సోకే అవకాశం సుమారు 20 శాతం ఎక్కువ. దానివల్ల మరణించే అవకాశం సుమారు 40 శాతం ఎక్కువ. అలాస్కా ఆదివాసుల పరిస్థితి ఇంకా దారుణం. వారిలో ఈ వ్యాధి తెల్లవారిలో కంటే రెండింతలకు పైగా ఉంది.

పెద్దపేగు, మలాశయ క్యాన్సర్లు 2022లో ప్రపంచవ్యాప్తంగా సుమారు 19 లక్షల మందికి కొత్తగా సోకాయి. 9 లక్షల మందిని బలిగొన్నాయి. క్యాన్సర్ మరణాలలో ఊపిరితిత్తుల క్యాన్సర్ తరువాతి స్థానం దీనిదే. ఐరోపా, ఆస్ట్రేలియా, ఉత్తర అమెరికా దేశాలలో ఇది అధికం. ఆఫ్రికాలో, దక్షిణాసియాలో తక్కువ.

మరి జాతికీ జాతికీ నడుమ ఈ తేడా ఎందుకు? 'వాళ్ల రక్తమే అంత' అనే సమాధానం ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది. పాలకులకు అంతకంటే సుఖమైన సమాధానం మరొకటి లేదు. తప్పు రక్తానిదైతే ప్రభుత్వం చేయవలసినదేమీ ఉండదు కదా! చరిత్ర మాత్రం ఈ సమాధానాన్ని అంగీకరించదు. జపాన్ నుండి హవాయికి వలస వెళ్లినవారిలో ఈ క్యాన్సర్ ఒకటి రెండు తరాలలోనే అక్కడి తెల్లవారి స్థాయికి చేరుకుంది. రక్తం మారలేదు, తిండీ బతుకూ మారాయి. 2015లో వెలువడిన ఒక పరిశోధన మరింత ఆసక్తికరమైనది. పిట్స్‌బర్గ్ నగరంలోని 20 మంది నల్లజాతీయులకు పీచు అధికంగా ఉండే ఆఫ్రికా పల్లె ఆహారాన్నీ, దక్షిణాఫ్రికా పల్లెవాసులు 20 మందికి మాంసమూ కొవ్వూ ఎక్కువగా ఉండే అమెరికా ఆహారాన్నీ రెండు వారాలపాటు ఇచ్చారు. ఆ కొద్ది రోజులలోనే పేగు లోపలి పొరలో క్యాన్సర్ ముప్పును సూచించే లక్షణాలు మొదటివారిలో తగ్గాయి, రెండవవారిలో పెరిగాయి. ఇద్దరి మూలమూ ఆఫ్రికాయే.

అయితే ఆహారంతోనే కథ ముగియదు. మరణాలలోని అంతరానికి మరో కారణం ఉంది. ఈ క్యాన్సర్ చాలావరకు పేగు గోడపై చిన్న బుడిపెగా మొదలై, క్యాన్సర్‌గా మారడానికి సుమారు పదేళ్లు తీసుకుంటుంది. ఆ పదేళ్లలో కొలొనోస్కోపీ చేసి బుడిపెను తొలగిస్తే వ్యాధి రానే రాదు. ఇంత గడువు ఇచ్చే క్యాన్సర్లు అరుదు. ఆ గడువును వాడుకోగలిగేది ఎవరు? బీమా ఉన్నవారు, వైద్యుడు అందుబాటులో ఉన్నవారు, ఒక రోజు పని మానుకోగలిగినవారు.

అప్పటికి పది లక్షల జనాభా కూడా లేని డెలావేర్ రాష్ట్రం ఈ విషయాన్ని గ్రహించింది. 2002లో అక్కడి ప్రభుత్వం బీమా లేనివారికి కొలొనోస్కోపీ ఖర్చు తానే భరించడం మొదలుపెట్టింది. క్యాన్సర్ బయటపడితే రెండేళ్ల చికిత్స ఖర్చు కూడా భరించింది. అంతకంటే ముఖ్యంగా, ప్రజలను వెతికి పట్టుకుని, భయాలు పోగొట్టి, పరీక్షకు సమయం కుదిర్చి, ఆసుపత్రి దాకా తోడుండే నర్సులను నియమించింది. నల్లజాతీయుల వద్దకు ప్రత్యేకంగా వెళ్లింది. 2009 నాటికి పరీక్ష చేయించుకున్న నల్లజాతీయులు 48 శాతం నుండి 74 శాతానికి పెరిగారు. తెల్లవారు 58 నుండి అదే 74కు చేరారు. లక్ష మంది నల్లజాతీయులలో ఈ వ్యాధి 66.9 నుండి 44.3కు తగ్గి, తెల్లవారి 43.2తో దాదాపు సమానమైంది. మరణాలు 31.2 నుండి 18కి పడిపోయాయి. తెల్లవారిలో ఆ సంఖ్య 16.9. తరతరాల అంతరం ఏడేళ్లలో దాదాపు మాసిపోయింది. ఇందుకు కొత్త మందు గానీ కొత్త యంత్రం గానీ అవసరం కాలేదు.

ఇంతలో వ్యాధి తన దారి మార్చుకుంటోంది. అమెరికాలో 1990 ప్రాంతంలో పుట్టినవారికి, 1950 ప్రాంతంలో పుట్టినవారు అదే వయస్సులో ఎదుర్కొన్న దానితో పోలిస్తే, పెద్దపేగు క్యాన్సర్ ముప్పు రెండింతలు, మలాశయ క్యాన్సర్ ముప్పు నాలుగింతలు ఉంది. అందుకే అక్కడ పరీక్షలు మొదలుపెట్టే వయస్సును 50 నుండి 45కు తగ్గించారు. బోస్‌మన్‌కు ఆ 45 కూడా రాలేదు.

మన దేశంలో ఈ వ్యాధి ఇప్పటికీ తక్కువే. కానీ అది సోకినవారిలో ఐదేళ్లు బతికేవారు సగం మంది కూడా లేరు. సంపన్న దేశాలలో అలా బతికేవారు 60 శాతానికి పైనే. 2016లో మన ప్రభుత్వం ప్రారంభించిన ముందస్తు పరీక్షలు నోరు, రొమ్ము, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్లకే పరిమితం. వ్యాధి అరుదుగా ఉన్నచోట అందరికీ కొలొనోస్కోపీ చేయమనడం న్యాయం కాదు, నిజమే. కానీ మలంలో రక్తం పడితే మొలలనుకుని నెలల తరబడి నాటుమందు వాడే మనిషికి, సిగ్గుతో ఇంట్లోవాళ్లకే చెప్పుకోలేని స్త్రీకి సరైన సమయంలో సరైన పరీక్ష అందడం లేదన్నది మరో మాట. ఆరోగ్యశ్రీ వంటి పథకాలు చికిత్సకు డబ్బు కడతాయి. రోగిని సకాలంలో ఆసుపత్రి దాకా తీసుకువచ్చే మనిషి మాత్రం లేడు.

డెలావేర్ తన అంతరాన్ని చెరపగలగడానికి ముందు దాన్ని చూడగలిగింది. ఏ సమూహంలో ఎందరికి వ్యాధి వచ్చిందో, ఏ దశలో బయటపడిందో, ఎందరు మరణించారో అక్కడ విడివిడిగా లెక్క ఉంది. ముస్లిం జనాభా గణనీయంగా ఉన్న పెద్ద గ్రామాలలో సుమారు 40 శాతానికి వైద్య సదుపాయమే లేదని 2006లో చెప్పిన సచార్ కమిటీ, సామాజిక, మత సమూహాలవారీ వివరాలతో ఒక జాతీయ సమాచార నిధిని ఏర్పాటు చేయాలని కూడా సిఫారసు చేసింది. ఆ నిధిలో ఆరోగ్యానికి, అందునా క్యాన్సర్‌కు ఒక గడి ఉండాలి. ముస్లింలు, దళితులు, ఆదివాసులు ఎవరెవరు ఏ దశలో ఆసుపత్రికి చేరుతున్నారో అందులో ఏటా నమోదు చేసి ప్రజల ముందు ఉంచాలని ప్రభుత్వాలను కోరుతున్నాం.