పదో తరగతితో ఆగిపోయే ఆటలు

ముప్పై ఎనిమిదేళ్ళొచ్చాక మొదటిసారి ఫుట్‌బాల్ మ్యాచ్‌కి వెళ్ళానంటే మీరు నవ్వుతారేమో. నవ్వండి. నేనూ నవ్వుకుంటూనే వెళ్ళాను. మా అక్కయ్య కూతురు స్కూలు జట్టులో ఆడుతోంది. “పిన్నీ, ఒక్కసారైనా వచ్చి చూడవూ” అని నెల్లాళ్ళ నుంచి ప్రాణం తీస్తోంది. అక్కయ్యకి ఇంట్లో అత్తగారికి ఒంట్లో బాగాలేదు. బావగారికి ఆ ఆట పేరెత్తితేనే గిట్టదు. ఇక మిగిలింది నేనేగా!

గొడుగూ, మజ్జిగ సీసా పట్టుకుని, ఆటోలో బందరు రోడ్డు మీదుగా వెళ్ళి ఓ కాలేజీ మైదానం గట్టు మీద కూర్చున్నాను. చుట్టూ చూద్దును కదా, ఆడేది ఇరవై ఇద్దరు ఆడపిల్లలు, చూసేవాళ్ళలో ఆడవాళ్ళం ముగ్గురం! మిగతా అంతా మగపిల్లలు, మేష్టార్లు, ఊరికే గోడ ఎక్కి కూర్చున్నవాళ్ళు.

మొదటి పావుగంటా నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. మావాళ్ళ పిల్ల బంతిని శుభ్రంగా గోల్లోకి కొడితే చప్పట్లు కొట్టబోయాను. అంతలో ఓ కుర్రాడు జెండా ఎత్తాడు, అది లెక్కలోకి రాదన్నారు. ఆఫ్‌సైడ్ట. పక్కన కూర్చున్న పీఈటీ టీచరమ్మ ఓపిగ్గా చెప్పింది. మనవాళ్ళు బంతి అందించే క్షణానికి, ఎదుటి జట్టులో చివరి నుంచి రెండో మనిషిని కూడా దాటేసి గోలు ముందు కాచుక్కూర్చోకూడదట. అంటే పంక్తిలో విస్తళ్ళు వెయ్యకముందే పీట వేసుక్కూర్చోవడం లాంటిదన్నమాట! ఆ ముక్క బోధపడ్డాక ఆట వేరేలా కనిపించింది. బంతి ఎక్కడుందో చూడటం మానేసి, పిల్లలు ఖాళీ ఎక్కడుందో వెతుక్కుంటూ పరిగెత్తడం చూశాను. ఇంట్లో పిలిచినా పలకని మా పిల్ల అక్కడ పదిమందికి గొంతెత్తి దారి చెబుతోంది. దాని గొంతు అంత గట్టిదని నాకు ఆ రోజే తెలిసింది.

మధ్యలో ఓ అయిదు నిమిషాలు విరామం. అప్పుడు తెలిసొచ్చింది, అంత మైదానంలో ఆడపిల్లలు వెళ్ళడానికి ఉన్న ఒకే ఒక్క మరుగుదొడ్డికి తాళం వేసి ఉందని. తాళంచెవి ఎవరి దగ్గరుందో ఎవరికీ తెలియదు. ఆ పిల్లలు పొద్దుటి నుంచీ మంచినీళ్ళు తాగడం లేదుట, అందుకోసమే. డిసెంబరైతేనేం, బెజవాడ ఎండ బెజవాడ ఎండే. నేను తెచ్చిన మజ్జిగ కూడా వద్దన్నారు. మ్యాచ్ ఓడిపోయారని కాదు గానీ, ఆ సంగతి మాత్రం ఇంటికొచ్చాక కూడా నన్ను వదల్లేదు.

ఆడవాళ్ళని మైదానంలోకి రానివ్వకపోవడం ఎక్కడో ఓ మూల జరిగింది కాదు. ఇంగ్లండులో 1920 డిసెంబరులో ఆడవాళ్ళ మ్యాచ్‌కి యాభై వేల మందికి పైగా జనం వచ్చారు. ఆ మరుసటి ఏడు డిసెంబరులోనే అక్కడి ఫుట్‌బాల్ సంఘం, ఈ ఆట ఆడవాళ్ళకి తగదని చెప్పి, తన కింద ఉన్న మైదానాల్లో వాళ్ళని ఆడనివ్వడం ఆపేసింది. ఆ ఆంక్ష ఎత్తెయ్యడానికి దాదాపు యాభై ఏళ్ళు పట్టింది. ఇరాన్‌లో అయితే మగవాళ్ళ మ్యాచ్ చూడ్డానికి కూడా దశాబ్దాల పాటు ఆడవాళ్ళని రానివ్వలేదు. మగవేషం వేసుకుని స్టేడియంలోకి వెళ్ళబోయి పట్టుబడ్డ సహర్ ఖొదాయరి అనే అమ్మాయి, జైలు శిక్ష పడుతుందన్న భయంతో 2019 సెప్టెంబరులో ఒంటికి నిప్పంటించుకుని చనిపోయింది. ఆ తర్వాతి నెలలో టెహ్రాన్‌లో కంబోడియాతో మ్యాచ్‌కి వేల మంది ఆడవాళ్ళు టికెట్టు కొనుక్కుని వెళ్ళారు.

మన దగ్గర అలాంటి చట్టమేదీ లేదు. టికెట్టు కూడా లేదు. గేటు తీసే ఉంది. అయినా గట్టు మీద ముగ్గురమే.

ఇంటికెళ్ళాక మా పిల్ల ఫోన్‌లో ఓ వీడియో చూపించింది. నిదా అంజుమ్ అని కేరళ అమ్మాయి. 2023లో ఫ్రాన్సులో జరిగిన ప్రపంచ పోటీలో గుర్రం మీద 120 కిలోమీటర్లు, 2024లో పెద్దల పోటీలో 160 కిలోమీటర్లు పూర్తిచేసింది. నూట అరవై అంటే మన బెజవాడ నుంచి ఇంచుమించు రాజమండ్రి దాకా! ఒక్క రోజులో! ఇందులో ఎవరు ముందొచ్చారన్నదొక్కటే చూడరుట. దారిని కొన్ని భాగాలు చేస్తారు. ఒక్కో భాగం కాగానే పశువైద్యులు గుర్రాన్ని చూస్తారు. చెప్పిన వ్యవధిలోగా దాని గుండె వేగం దిగిరావాలి, సాధారణంగా నిమిషానికి 64. రాలేదా, కాస్త కుంటిందా, అంతే, పోటీ అక్కడితో సరి. రౌతు ఎంత గట్టిగా ఉన్నా లాభం లేదు. అందుకే మధ్యమధ్య దిగి పక్కన నడుస్తారు, నీళ్ళు పోసి చల్లబరుస్తారు. పైగా గుర్రపు పోటీల్లో ఆడామగా ఒకే బరిలో. 1952 హెల్సింకి ఒలింపిక్స్‌లో పోలియో సోకి మోకాళ్ళ కింద పట్టులేని డెన్మార్క్ ఆమె, లిస్ హార్టెల్, మగవాళ్ళతో కలిసి పోటీచేసి వెండి పతకం తెచ్చుకుంది.

ఆ వీడియో చూస్తుంటే నాకు మా అమ్మమ్మగారి ఊరు గుర్తొచ్చింది. గుడివాడ అవతల. అప్పటికింకా ఒకటో రెండో జట్కాలుండేవి. బండి విప్పాక జట్కా తాత గుర్రాన్ని కాలవకి తోలుకెళ్తూ, నన్ను దాని మీద ఎక్కించాడొకసారి. ఎనిమిదేళ్ళుంటాయేమో నాకు. కాలవగట్టు మీద వందగజాలు! వరిచేలు అంత పచ్చగా, అంత పైనుంచి మళ్ళీ ఎప్పుడూ చూడలేదు. ఇంటికి రాగానే అమ్మమ్మ వీపు చిట్లగొట్టింది. “ఆడముండవి, కాలొకటి అటూ కాలొకటి ఇటూ వేసుక్కూచుంటావా!” అని. చిత్రమేమిటంటే ఆ ఇంటి పంచలోనే గుర్రమెక్కిన రుద్రమదేవి పటం ఉండేది. పటంలో ఉన్నామెకి దణ్ణం పెట్టుకోవచ్చు, ఫరవాలేదు.

ఇప్పుడు అసలు సంగతికొస్తాను. పదో తరగతి పరీక్షలు రాయకముందే ఇంటర్ సీటు ఖాయం చేసుకోవడం మన బెజవాడ ఆచారం కదా. మా బావగారు ఓ రెసిడెన్షియల్ కాలేజీకి అడ్వాన్సు కట్టడానికి సిద్ధంగా ఉన్నారు. నాలుగంతస్తుల మేడ. గది గదికీ ఏసీ. ఆడుకోవడానికి? “రెండేళ్ళు చదువుకోనివ్వండమ్మా, ఆటలు తర్వాత చూసుకోవచ్చు” అన్నాడు అక్కడి ఉద్యోగి నవ్వుతూ. ఆ ‘తర్వాత’ ఎప్పుడొస్తుందో నాకు తెలుసు. నేను పదో తరగతి దాకా ఖోఖో జట్టులో ఉన్నాను. తర్వాత ఇంటర్, డిగ్రీ, పెళ్ళి, వంటిల్లు. కథలు రాయడానికి రాత్రి పదకొండు దాటాక టైము దొరికింది గానీ, పరిగెత్తడానికి దొరకలేదు.

ఇంకో మాట కూడా ఒప్పుకోవాలి. రెండేళ్ళ కిందట అక్కయ్య నన్ను సలహా అడిగినప్పుడు, “నల్లబడిపోతోంది, మోకాళ్ళు చెక్కుకుపోతున్నాయి, మానిపించెయ్యవే” అన్నది నేనే. ఆట చూడకుండానే అన్నాను.

ఈ నేలకి ఆటలు పడవని ఎవరైనా అంటే నమ్మకండి. గుడివాడలో పుట్టిన కోనేరు హంపి, తల్లయ్యాక తిరిగొచ్చి 2019లో ఒకసారి, 2024లో ఇంకోసారి ర్యాపిడ్ చదరంగంలో ప్రపంచ విజేత అయింది. నాలుగేళ్ళప్పుడే కృష్ణని ఈదిన మన విజయవాడ పిల్ల వెన్నం జ్యోతి సురేఖ, 2023లో హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో విలువిద్యలో మూడు బంగారు పతకాలు తెచ్చింది. ఫుట్‌బాలే కావాలంటే నిజామాబాద్ వైపు నుంచి వచ్చిన గుగులోత్ సౌమ్య ఉంది. 2025 జులైలో మన అమ్మాయిలు థాయ్‌లాండ్‌ని వాళ్ళ గడ్డ మీదే 2-1తో ఓడించి, ఆసియా కప్‌కి అర్హత పోటీల ద్వారా మొదటిసారి చేరుకున్నారు. వీళ్ళందరి ఇళ్ళల్లోనూ ఎవరో ఒకరు ‘తర్వాత’ అనకుండా ఉండి ఉంటారు.

అందరి పిల్లలూ పతకాలు తెస్తారని నేనడం లేదు. మా పిల్ల తేకపోవచ్చు. కానీ పదిహేనేళ్ళ పిల్లని రెండేళ్ళపాటు వెలుతురు తగలని గదిలో కూర్చోబెట్టేముందు, ఫీజు ఎంతని అడిగినట్టే మైదానం ఎంతని కూడా అడగడానికి మనకి నోరెందుకు రాదు? గుర్రానికైతే ఆయాసం తగ్గిందో లేదో చూసి గానీ ముందుకు పంపరు. మన పిల్లల సంగతి చూసే డాక్టరు ఏ గేటు దగ్గరున్నాడు? మరుగుదొడ్డి తాళంచెవి విషయం కూడా అంతే. పదిమంది తల్లులు గట్టు మీద కూర్చుంటే ఆ తాళంచెవి ఎక్కడుందో అరగంటలో తెలుస్తుంది.

బావగారితో మాట్లాడాను. ఆయన ఇంకా ఔననలేదు, అడ్వాన్సు మాత్రం కట్టలేదు. మైదానమున్న కాలేజీ ఒకటుందట, ఇంటి నుంచి రెండు బస్సులు మారాలి. ఆ దారి నేనూ అక్కయ్యా సోమవారం వెళ్ళి చూసొస్తాం. అంతకుముందు ఆదివారం మ్యాచ్ ఉంది. అత్తగారిని ఆ పూటకి పక్కింటావిడ చూసుకుంటానన్నారు. అక్కయ్య కూడా వస్తోంది. దానికి ఆఫ్‌సైడ్ అంటే ఏమిటో దారిలో నేను చెప్పాలి.