పూచీ యెవరికి?

కోదాడలో రైలుకూత వినబడదు. హైదరాబాదు నుండి విజయవాడకు బోవు రాజమార్గముమీద నుండియు నీ పట్టణమునకు స్టేషను లేదు. 2016లో జిల్లాకేంద్రమైన సూర్యాపేటకును లేదు. రైలెక్కవలసినవారు ముందు బస్సెక్కి ఖమ్మమునకో, మిర్యాలగూడకో, విజయవాడకో పోవలెను. ముసలితల్లిని వైద్యమునకు గొనిపోవు కుమారుడును, చంటిబిడ్డతో బుట్టింటికి బోవు నాడుబిడ్డయు నీ కష్టము నెఱుగుదురు.

విశాలమైన రహదారి యుండగా రైలెందులకనియు, రాబడి రానిచోట మార్గము వేయుట ప్రజాధనమును వ్యర్థపుచ్చుటయే యనియు గొందఱు పెద్దలు సెలవిచ్చుచున్నారు. ఈ వాదమునకు జరిత్రయే యుత్తరము చెప్పుచున్నది.

నిజాము రాజ్యపు రైళ్లకై 1883లో లండనున నొక కంపెనీ యేర్పడెను. దాని మూలధనముపై నూటికి 5 చొప్పున 20 ఏండ్లు వడ్డీ ముట్టజెప్పుదుమని నిజాము ప్రభుత్వము పూచీపడెను. రైలునకు రాబడి వచ్చినను రాకున్నను వాటాదారునకు లోటు లేదు. పూచీ మోసినది రాజ్యపు బొక్కసము. బొక్కసమును నింపినది రైతు శిస్తు. ఆ యేటనే, చాందా రైలుమార్గపు పథకము వివరములను బ్రజల యెదుట బెట్టవలెనని యడిగిన డాక్టరు అఘోరనాథ చట్టోపాధ్యాయుని రాజ్యమునుండి వెడలగొట్టిరి. 1889లో మార్గము బెజవాడకు జేరెను. వరంగల్లు, ఖమ్మముల మీదుగా బోయి కోదాడను విడిచెను.

రాబడి చూడక వాటాదారునకు బూచీపడవచ్చునట! ప్రయాణికునకు మాత్రము రాబడి లెక్క చూపవలెనట! ఇది యేటి ధర్మము? ఆ కంపెనీ యిప్పుడు లేదు. 1951 నాటికి దాని మార్గములన్నియు భారత రైల్వేలలో గలిసినవి. నేడు వాటాదారుడు ప్రజయే.

కోదాడకు జేరువనున్న మేళ్లచెర్వునకు రైలుపట్టాలు వచ్చినవి. కాని సిమెంటు కొఱకు వచ్చినవి. ఆ మార్గమున బ్రధానముగా నడచునవి సరకుబండ్లే. సరకుల రాబడితో బ్రయాణికులవలని నష్టమును బూడ్చుచున్నామని రైల్వేశాఖవారే చెప్పుదురు. అట్లయిన మా నేలనుండి పోవు సరకు రాబడిలో మా ప్రయాణికులకు భాగమేది? బస్తాకు దొరకిన దారి మనిషికి దొరకకుండుట న్యాయమా?

దోషము మనయందును గలదు. ఎన్నికలవేళ రైలు వచ్చునన్న మాట విని సంతసింతుము; ఆవల మఱతుము. సర్వే యనుమాట విన్నంతనే కూత విన్నట్లు మురియుదుము. ఆ సర్వేలో నేమున్నదని యడుగము. చదువరులారా! సర్వే నివేదికలను, వ్యయపు లెక్కలను దెలుగులో బ్రకటింపుమని యూరూర నర్జీలు పెట్టుడు. నాడు లెక్కలడిగినవానికి దేశబహిష్కారము శిక్ష. ఆ భయము నేడు లేదు. అడుగకుండుటకు మనకిక సాకేది?