తడిసిందా? ఆన్ చేసి చూడొద్దు!

శంషాబాద్ విమానాశ్రయానికి బయల్దేరే ఇంట్లో ఆ హడావుడే వేరు. ఒకరు పాస్‌పోర్టు వెతుకుతుంటారు. ఒకరు ఆవకాయ డబ్బా మూతకి టేపు చుడుతుంటారు. ఇంకొకరు క్యాబ్ ఎక్కడిదాకా వచ్చిందో ఫోన్లో చూస్తుంటారు. సరిగ్గా అప్పుడే కాఫీ గ్లాసు కాస్తా ఒలికి ఆ ఫోను మీద పడుతుంది. టికెట్టు అందులోనే. బోర్డింగ్ పాసూ అందులోనే. అవతలి ఊళ్లో దిగాక ఫోన్ చేయాల్సిన అల్లుడి నంబరూ అందులోనే!

అప్పుడు మనం చేసే మొదటి పని ఏమిటి? గబుక్కున తీసి, చీరచెంగుకో చొక్కాకో తుడిచేసి, బటన్ నొక్కి చూస్తాం. వెలుగుతుంది. ‘హమ్మయ్య, ఏం కాలేదు’ అనుకుంటాం. పనిలో పనిగా చార్జింగూ పెడతాం. రెండు రోజులు పోయాక ఫోను ఉన్నట్టుండి మూగబోతుంది. ‘నిన్నటిదాకా బాగానే ఉందే!’ అని ఆశ్చర్యపోతాం. దాని ప్రాణం తీసింది కాఫీ ఒక్కటే కాదు... మన ఆత్రం కూడా.

నీళ్లలో కరెంటు

అచ్చంగా శుద్ధమైన నీళ్లలో కరెంటు దాదాపుగా పారదు. కానీ మన కుళాయి నీళ్లలో, బోరు నీళ్లలో లవణాలుంటాయి. కాఫీ, టీ, కూల్‌డ్రింకుల సంగతి చెప్పనే అక్కర్లేదు. ఆ తడి సర్క్యూట్ బోర్డు మీదికి చేరినప్పుడు లోపల కరెంటు లేకపోతే జరిగే నష్టం నెమ్మదిగా జరుగుతుంది. కరెంటు ఉంటే మాత్రం కథ వేరు. బోర్డు మీది సన్నటి రాగి తీగల్లో ప్లస్ వైపు ఉన్న లోహం ఆ తడిలోకి కరుగుతుంది. అక్కణ్నుంచి మైనస్ వైపు వెళ్లి సన్నటి నారలా పేరుకుంటుంది. కలవకూడని రెండు తీగలు ఆ నార ద్వారా కలిసిపోతాయి. అదే షార్ట్ సర్క్యూట్!

అది తప్పించుకున్నా తుప్పు వదలదు. తోమకుండా వదిలేసిన ఇత్తడి చెంబుకి పచ్చగా చిలుము పడుతుంది చూశారూ... తడిసిన బోర్డుకి పట్టేదీ అలాంటిదే. పైన చుక్క తడి కనిపించకపోయినా లోపల అది తన పని తాను చేసుకుపోతుంది. ‘రెండు రోజులు పనిచేసి పోయింది’ అనడానికి అసలు కారణం ఇదే.

2008 మార్చిలో విమానాశ్రయం బేగంపేట నుంచి శంషాబాద్‌కి మారినప్పుడు చాలామంది చేతుల్లో ఉన్నవి బటన్ ఫోన్లు. తడిస్తే వెనక మూత తీసి బ్యాటరీ లాగేస్తే సరిపోయేది. ఇప్పటి ఫోన్లలో ఎక్కువ భాగం బ్యాటరీ లోపల అతికించి ఉంటుంది, చేత్తో తీయలేం. అప్పట్లో ఫోను పోతే నంబర్లు పోయేవి. ఇప్పుడు బ్యాంకు, టికెట్టు, పిల్లల ఫొటోలు... సంసారం మొత్తం అందులోనే. అందుకే మొదటి నిమిషంలో ఏం చేస్తామన్నది అప్పటికన్నా ఇప్పుడే ముఖ్యం.

మొదటి నిమిషంలో...

* చార్జింగ్‌లో ఉండగా తడిస్తే ముందు గోడకున్న స్విచ్ ఆపండి. ఆ తరవాతే వైరు తీయండి. ప్లగ్గు దగ్గర నీళ్లున్నా, మీ కాళ్ల కింద తడి ఉన్నా దాని జోలికి పోకుండా మెయిన్ ఆపేయండి. ఫోను కన్నా ప్రాణం ముఖ్యం.

* ఫోను ఆఫ్ చేయండి. అప్పటికే ఆగిపోయి ఉంటే ఇంకా మంచిది, అలాగే ఉంచండి. ‘ఒక్కసారి చూద్దాం’ అన్న ఆ ఒక్కసారే కొంప ముంచుతుంది.

* పైకవరు, సిమ్ ట్రే, మెమరీ కార్డు తీసేయండి. సిమ్ తుడిచి ఇంట్లో మరో ఫోన్లో వేస్తే బ్యాంకు ఓటీపీలకి ఇబ్బంది ఉండదు.

* మెత్తటి గుడ్డతో పైపైన తుడవండి. చార్జింగ్ పెట్టే చోటు కిందికి ఉండేలా పట్టుకుని అరచేతి మీద మెల్లగా తట్టండి. గట్టిగా విదిలిస్తే ఒక మూలనున్న నీరు లోపలంతా పాకుతుంది. ఆ రంధ్రంలో దూది పుల్లలూ, కాగితాలూ దూర్చొద్దు.

* ల్యాప్‌టాప్ అయితే చార్జర్ తీసేసి, పవర్ బటన్‌ని ఆగిపోయేదాకా నొక్కి పట్టుకోండి. ఫైలు సేవ్ చేయలేదే అని ఆగొద్దు. తరవాత తెరిచిన పుస్తకాన్ని బోర్లించినట్టు గుడారంలా తువ్వాలు మీద నిలబెట్టండి. కీబోర్డు మీది తడి లోపలికి దిగకుండా బయటికి కారిపోతుంది.

బియ్యం వండుకోవడానికే!

ఫోను తడిసిందంటే చాలు, ఇంట్లో పెద్దవాళ్ల దగ్గర్నుంచి పక్కింటి కుర్రాడిదాకా ఒకటే సలహా... బియ్యం డబ్బాలో పెట్టమని. బియ్యం ఫోను లోపలి నీటిని లాగేయలేదు. పైగా బియ్యపు పొడి, చిన్న చిన్న నూకలు రంధ్రాల్లోకి చేరతాయి. ఐఫోన్ తయారుచేసే యాపిల్ సంస్థ కూడా బియ్యం సంచిలో పెట్టొద్దని తన సూచనల్లో స్పష్టంగా రాసింది. 2024 మొదట్లో ప్రపంచమంతటా పత్రికలు ఆ మాటని వార్తగా వేశాయి. మరి బియ్యంలో పెడితే బాగైందన్న వాళ్లో? అన్ని గంటలు ఆన్ చేయకుండా వదిలేశారు కాబట్టి బాగై ఉంటుంది. పుణ్యం ఓపికది, పేరు బియ్యానిది!

హెయిర్ డ్రయ్యర్ కూడా వద్దు. ఆ వేడికి లోపలి జిగురు కరుగుతుంది, గాలి తాకిడికి నీరు ఇంకా లోపలికి పోతుంది. మే నెల ఎండలో మేడ మీద పెట్టడమూ, పొయ్యి గట్టు మీద పెట్టడమూ బ్యాటరీకి ప్రమాదం. ఫ్యాను గాలి చాలు. చార్జింగ్ పోర్టులో మాత్రమే తడి చేరిందని ఫోను హెచ్చరిస్తుంటే కనీసం అరగంట ఆగాలన్నది యాపిల్ మాట. పూర్తిగా ఆరడానికి ఒక రోజు పట్టొచ్చు. ఫోను లోపలికే నీళ్లు పోయాయనిపిస్తే ఆరబెట్టడంతో పని పూర్తి కాదు. నీరు ఆరిపోతుంది గానీ, అందులోని ఉప్పూ పంచదారా అక్కడే ఉండిపోతాయి. వాటిని శుభ్రం చేయించాల్సిందే.

ఏం ఒలికిందన్నదే అసలు లెక్క

మంచినీళ్లు పడితే ఉన్నంతలో అదృష్టమే. పాలూ పంచదారా కలిసిన టీ ఆరాక జిగురులా అంటుకుంటుంది. కూల్‌డ్రింకులో పంచదారతోపాటు ఆమ్లమూ ఉంటుంది. చారు, పులుసుల్లో చింతపండు, ఉప్పు రెండూ ఉంటాయి. ఒంటికి మంచివైన కొబ్బరి నీళ్లు బోర్డుకి చేటే, వాటిలో లవణాలెక్కువ. వీటన్నిటికన్నా మొండిది విశాఖ బీచ్‌లో తాకే సముద్రపు నీరు.

మరి అమెరికా వెళ్లే పెట్టెలో కారే ఆవకాయ నూనె? నూనెలో కరెంటు పారదు. ట్రాన్స్‌ఫార్మర్లలో నూనె పోసేది అందుకే కదా! కానీ ఆవకాయలో ఉన్నది నూనె ఒక్కటే కాదు, ఉప్పూ కారమూ మామిడికాయ ఊటా ఉన్నాయి. పైగా నూనె నీళ్లలా ఆరిపోదు. అది పడిన వస్తువుని నేరుగా రిపేరుకి తీసుకెళ్లడమే దారి.

‘మాది నీళ్లలో పడినా ఏమీ కాని ఫోను’ అంటారా? ఐపీ67 అంటే మీటరు లోతు నీళ్లలో 30 నిమిషాలు ఉంచి పరీక్షించారని అర్థం. ఆ పరీక్ష కొత్త ఫోనుకి, మంచినీళ్లతో. ఫోను పాతబడేకొద్దీ, నాలుగుసార్లు కిందపడేకొద్దీ ఆ రక్షణ తగ్గుతుంది. నీళ్ల వల్ల పాడైతే మామూలు వారంటీ సాధారణంగా వర్తించదు కూడా.

గగన్‌పహాడ్ గుర్తుందా?

ఒలికిన గ్లాసు ఒక ఎత్తు, ఇంట్లోకొచ్చిన వరద మరో ఎత్తు. 2020 అక్టోబరు 13 రాత్రి కురిసిన కుండపోతకి శంషాబాద్ దగ్గరి గగన్‌పహాడ్‌లో అప్ప చెరువు తెగింది. బెంగళూరు జాతీయ రహదారి దెబ్బతింది, మనుషులు కొట్టుకుపోయారు. ఆ చెరువులోని ఆక్రమణలని 2024 ఆగస్టులో హైడ్రా కూల్చివేసింది.

ప్రాణనష్టం ముందు వస్తువుల మాట చిన్నదే. కానీ ఆ ఏడాది సంగతి గుర్తుచేసుకోండి. కరోనాతో బడులు మూతపడి, సెప్టెంబరు 1 నుంచే రాష్ట్రంలో పాఠాలు టీవీల్లో, ఫోన్లలో మొదలయ్యాయి. వరదొచ్చిన ఇంట్లో ఫోను తడిసిందంటే పిల్లల బడి తడిసినట్టే! కొత్తది కొనలేని ఇంటికి తడిసినదాన్ని బతికించుకోవడం సరదా కాదు, అవసరం.

వరద నీళ్లలో బురద, మురుగు కలిసి ఉంటాయి. ఇంట్లో నీళ్లు నిలిచి ఉండగా ప్లగ్గులకి తగిలించి ఉన్న వేటినీ ముట్టుకోవద్దు. నీళ్లు తీశాక టీవీ పనిచేస్తుందో లేదోనని స్విచ్ వేయొద్దు. వైరింగ్‌తో సహా ఎలక్ట్రీషియన్‌కి చూపించాకే వేయాలి. కంప్యూటర్ హార్డ్‌డిస్కు మునిగితే మాత్రం పద్ధతి తిరగబడుతుంది, దాన్ని ఆరబెట్టకూడదు. బురద ఎండి లోపలి పలకలకి అంటుకుపోతుంది. తడిగుడ్డలో చుట్టి, గాలి చొరని కవర్లో పెట్టి, డేటా రికవరీ చేసేవాళ్ల దగ్గరికి తీసుకెళ్లాలి.

డాక్టరు దగ్గర దాచకూడదు

అబిడ్స్ జగదీశ్ మార్కెట్‌కి వెళ్లినా, మీ వీధి చివరి షాపుకి వెళ్లినా ఏం ఒలికిందో, ఎప్పుడు ఒలికిందో ఉన్నదున్నట్టు చెప్పండి. ‘దానంతటదే ఆగిపోయింది’ అంటే లాభం లేదు. చాలా ఫోన్లలో నీళ్లు తగిలితే ఎర్రబడే చిన్న గుర్తు ఉంటుంది, అది చూస్తే తెలిసిపోతుంది. మంచి మెకానిక్ ముందు బ్యాటరీ కనెక్షన్ తీసి, బోర్డు విప్పి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో శుభ్రం చేస్తాడు. అవసరమైతే అల్ట్రాసోనిక్ క్లీనర్‌లో పెడతాడు. ఇంట్లో ఉన్న శానిటైజర్ కూడా ఆల్కహాలే కదా అని పూయకండి. అందులో నీరు, చాలావాటిలో గ్లిజరిన్ కూడా ఉంటాయి. ఫొటోలే ముఖ్యమైతే ఆ సంగతి ముందే చెప్పండి. ఫోను మళ్లీ వాడకానికి రాకపోయినా, కాసేపు పనిచేయించి ఫొటోలు బయటికి తీసే అవకాశం ఉంటుంది.

మరో మాట. బీపీ మిషన్, గ్లూకోమీటర్ లాంటివి తడిసి ఆరాక అంకెలు చూపిస్తున్నాయని నమ్మేయకండి. డాక్టరు దగ్గరున్న దాంతో ఒకసారి సరిచూసుకోండి. తప్పు అంకె చూపించే మిషన్ కన్నా ఆగిపోయిన మిషనే నయం.

విమానం ఎక్కేముందు...

తడిసిన ఫోనుగానీ, పవర్ బ్యాంకుగానీ ఉబ్బినా, వేడెక్కినా, అదోలాంటి వాసన వచ్చినా చార్జింగ్ పెట్టొద్దు, మంటలు రావచ్చు. పాడైన లిథియం బ్యాటరీలని విమానంలోకి తీసుకెళ్లనివ్వరు. మంచి పవర్ బ్యాంకైనా చేతి సంచిలోనే ఉండాలి, లగేజీలో వేసే పెట్టెలో కాదు. నీళ్ల సీసానీ ల్యాప్‌టాప్‌నీ ఒకే అరలో పెట్టకండి. పచ్చడి డబ్బాలు పెద్ద పెట్టెలో, రెండు మూడు కవర్ల లోపల ఉండాలి.

ఫోను ఆగిపోయినా ప్రయాణం ఆగక్కర్లేదు. అసలు గుర్తింపు కార్డు, పీఎన్‌ఆర్ నంబరు రాసిన చిన్న కాగితం జేబులో ఉంటే విమాన సంస్థ కౌంటర్లో మీ టికెట్ వివరాలు చూస్తారు, బోర్డింగ్ పాస్ ముద్రించి ఇస్తారు.

ఇవన్నీ ఒలికాక చేసేవి. ఒలకకముందు చేయాల్సిన పని ఒకటుంది, దానికి ఈ ఆదివారం ఓ అరగంట చాలు. ఫోన్లోని పిల్లల ఫొటోలని మరోచోట కూడా దాచండి. ఇంట్లో అందరికీ అవసరమయ్యే నాలుగు నంబర్లు గోడ మీది క్యాలెండర్ వెనక పెన్నుతో రాయండి. అప్పుడు ఫోను తడిసినా చేతులు వణకవు. చేతులు వణక్కపోతే బటన్ నొక్కి చూడాలన్న ఆత్రమూ ఉండదు!