పాల లెక్కనా?

“ఏం రాస్తున్నరమ్మా? పాల లెక్కనా?”

శంషాబాద్ విమానాశ్రయంలో నా పక్క కుర్చీలో కూర్చున్నావిడ అడిగిన ప్రశ్న ఇది. ఎగతాళికి కాదు లెండి, అమాయకంగానే అడిగింది. ఆవిడది భువనగిరి. డాలస్‌లో కూతురి పురిటికి వెళ్తోంది. నేను న్యూజెర్సీలో మా చెల్లెలింటికి వెళ్తున్నాను. నాచారంలో ఆటో ఎక్కి, ఉప్పల్ రింగు రోడ్డులో పుష్పక్ బస్సు పట్టుకున్నాను. ఎల్బీనగర్ దగ్గర ఎక్కడ ఇరుక్కుపోతామోనన్న భయంతో మరీ ముందు బయల్దేరానేమో, తనిఖీలన్నీ అయి కూర్చునేసరికి విమానానికి ఇంకా మూడు గంటలుంది. సంచిలోంచి నోటుపుస్తకం తీసి, తేదీ వేసి, రాసుకోవడం మొదలెట్టాను.

అప్పుడొచ్చింది ఆ ప్రశ్న.

నవ్వేసి ఊరుకోవలసింది. కానీ నాకు నవ్వు రాలేదు. మన ఇళ్ళల్లో ఆడమనిషి కలం పట్టుకుంటే చూసేవాళ్ళకి తోచేవి మూడే మూడు. పాల లెక్క, చాకలి పద్దు, రామకోటి. నాలుగోది తోచదు.

మా అత్తగారు రామకోటి రాసేవారు. ఆవిడ పుస్తకం ముందేసుకుని కూర్చుంటే ఇల్లంతా అడుగుల చప్పుడు కాకుండా నడిచేది. మంచిదే, నేను కాదనను. ఆ అరగంటా ఆవిడ మొహంలో కనిపించే ప్రశాంతత నేనెరుగుదును. నా బాధల్లా ఒకటే. దేవుడి పేరు లక్షసార్లు రాసినా ఎవరూ అడ్డురారు. తన గురించి ఒక్క వాక్యం రాసుకుంటే మాత్రం, “ఏమిటి రాస్తున్నావ్? ఎవరి మీద?” అంటూ ఇల్లంతా తల తిప్పి చూస్తుంది. రామకోటి అయితే భక్తీ, డైరీ అయితే అనుమానమూనా?

అరడజను నవలలు అచ్చేయించుకున్న నా సంగతే చూడండి. కాగితాల ముందు కూర్చుంటే, “ఖాళీగానే వున్నావుగా, కాస్త కాఫీ పెట్టు” అంటారు మావారు. ఆయన చెడ్డవారు కారు. రాయడం ఆయన కంటికి పనిలా కనబడదు, అంతే.

అందుకే నేనంటాను, ఆడదానికి విమానాశ్రయాన్ని మించిన రాతబల్ల లేదని. నవ్వకండి. అక్కడ పొయ్యి లేదు. పాలు పొంగవు. తలుపు కొట్టేవాడు లేడు. సాగనంపడానికి వచ్చినవాళ్ళంతా టిక్కెట్టు చూసే జవాను దగ్గరే ఆగిపోతారు. తనిఖీలో కత్తెర తీసేసుకుంటారు, నీళ్ళ సీసా పారబోయిస్తారు. కలాన్నీ కాగితాన్నీ మాత్రం ఎవరూ ఆపరు. మూడు గంటలసేపు మనతో ఎవరికీ పని వుండదు. పుట్టిల్లు, అత్తిల్లు, కూతురిల్లు... ఏ ఇంట్లో దొరుకుతాయి చెప్పండి, అలాంటి మూడు గంటలు?

ఆ మూడు గంటల్నీ మనం ఏం చేస్తున్నాం? ఫోను చెవికి ఆనించుకుని, “ఆ, లోపలికొచ్చేశాను, కూర్చున్నాను, తిన్నాను” అని ఆరుగురికి ఆరుసార్లు చెప్పి పారేస్తున్నాం!

ఆ మూడు గంటల విలువ నాకు మా అమ్మ నేర్పింది, తనకి తెలియకుండానే.

2008 డిసెంబరు. విమానాశ్రయం బేగంపేట నుంచి శంషాబాద్‌కి మారిన ఏడాదే అది. చెల్లెలి పురిటికి అమ్మ ఒంటరిగా బయల్దేరింది. ఎనిమిది మందిమి సుమోలో ఇరుక్కుని వెళ్ళి సాగనంపాం. ఒక్కోటి 23 కిలోలు దాటకుండా నాలుగుసార్లు తూచిన రెండు పెట్టెలు. వాటి నిండా సున్నుండలు, కందిపొడి, వాము, కాయం, పుట్టబోయే బిడ్డకి మెత్తటి పాత చీరల గుడ్డలు. ఆరు నెలల తర్వాత తిరిగొచ్చింది. “ఎలా వుందమ్మా అమెరికా?” అంటే, “బాగానే వుంది” అంది. అంతే. తర్వాత ఎప్పుడడిగినా అదే మాట.

2016లో అమ్మ పోయింది. బీరువా సర్దుతుంటే, నగల కొట్టువాళ్ళు ఊరికే ఇచ్చే చిన్న డైరీ ఒకటి దొరికింది. నిండా ఫోను నంబర్లు, పచారీ సామాన్ల తూకాలు. మధ్యలో ఒక పేజీ:

“అందరూ గేటు దగ్గర ఆగిపోయారు. మోకాళ్ళు లాగుతున్నాయి. ఎవరితో చెప్పను? పెళ్ళయి ముప్ఫై మూడేళ్ళు. ఈ పూట నాకే పనీ లేదు. ఏం చెయ్యాలో తెలియడం లేదు. బాగానే వుంది.”

తర్వాత పదకొండు రోజులు ఒకే మాట. “ఈవేళ మంచు. బయటికి వెళ్ళలేదు.” పన్నెండో రోజున, “ఈవేళ ఒక్కదాన్నే వీధి చివరిదాకా వెళ్ళొచ్చాను. అమ్మాయికి చెప్పలేదు.”

ఆపైన ఏమీ లేదు. ఆరు నెలల మా అమ్మ జీవితానికి మాకు దక్కిన ఆస్తి ఈ నాలుగు ముక్కలు. ఫొటోలున్నాయి, బోలెడు. అన్నిట్లోనూ పసివాణ్ణెత్తుకుని నవ్వుతోంది. ఏ ఫొటోలోనూ మోకాళ్ళ నొప్పి లేదు. వీధి చివర ఏం చూసిందో లేదు. రోజూ ఫోను చేసేవాళ్ళం కూడా. ఏం మాట్లాడుకున్నామో ఒక్కటీ గుర్తు లేదు. వెనకటికి ఉత్తరమన్నా మిగిలేది.

మా నాచారం, హబ్సిగూడ, ఉప్పల్ కాలనీల్లో తిరిగి చూడండి. అమెరికా పురిటికి ఒకటికి రెండుసార్లు వెళ్ళొచ్చిన అమ్మలు ఎంతమందో! ఫ్యాక్టరీలో, ఆఫీసులో రిటైరైన భర్త ఇక్కడ హోటలు కారేజీ తింటూ వుంటే, అక్కడ బాలింతకి పథ్యం వండి, బిడ్డకి నూనె రాసి, ఆరు నెలలు కిటికీలోంచి మంచు చూసి వచ్చినవాళ్ళు. మీ దగ్గర రాసుకున్న ముక్క ఒక్కటైనా వుందా అని నేనడిగాను. ఫోను తీసి ఫొటోలు చూపించారు.

“మా బతుకుల్లో రాయడానికేముంది?” అంటారు. ఏనుగుల వీరాస్వామిగారు 1830 మే 18న మద్రాసులో బయల్దేరి కాశీ వెళ్ళి, 1831 సెప్టెంబరులో తిరిగొచ్చారు. ఎక్కడ దిగారు, నీళ్ళెలా వున్నాయి, దుకాణాల్లో ఏం దొరుకుతాయి, దారి మంచిదేనా... ఇవే రాసుకుంటూ పోయారు. మన హైదరాబాదునీ చూసి రాశారు. 1838లో అచ్చయిన ఆ ‘కాశీయాత్ర చరిత్ర’ని ఇవాళ్టికీ చదువుతున్నాం. నీళ్ళూ, బజారూ, వంటా ఆడవాళ్ళకి తెలియని విషయాలా? ఆయన పరివారంలో ఆడవాళ్ళూ వున్నారు. వాళ్ళ కళ్ళకి ఆ దారి ఎలా కనిపించిందో మాత్రం మన దాకా రాలేదు.

పోనీ, రాసినావిడ లేరా అంటే వున్నారు. పోతం జానకమ్మగారు ఓడెక్కి ఇంగ్లండు వెళ్ళొచ్చి, చూసిందంతా తెలుగులో రాశారు. దాని ఇంగ్లీషు అనువాదం 1876లో మద్రాసులో పుస్తకంగా వచ్చింది. ఆ రోజుల్లో ఆవిడ ఓడ ప్రయాణం గురించి రాయగా లేనిది, ఈ రోజుల్లో మనం విమానం గురించి రాయలేమా?

“ఎవరైనా చదివితే?” ఇదీ అసలు భయం. ఆ భయం నేనూ పడ్డాను. అడక్కుండా తెరిచిన చేతిది తప్పుగాని, రాసిన చేతిది కాదని తెలుసుకోడానికి నాకు చాలా ఏళ్ళు పట్టింది. నిజంగానే భయపడవలసిన ఇళ్ళూ వున్నాయి, తెలుసు. అలాంటి ఇంటావిడకి మరీ మరీ చెప్తున్నాను. విమానాశ్రయంలో రాసుకోండి. కావలిస్తే చింపి అక్కడే చెత్తబుట్టలో పారేసి విమానమెక్కండి. రాసిన చెయ్యి మీదే కదా, అది మీతోనే వస్తుంది.

ఈమధ్య దీనికి ‘జర్నలింగ్’ అని పేరు పెట్టారు. తోలు అట్టల పుస్తకాలు అమ్ముతున్నారు. పేజీ పేజీకీ, ఈరోజు మీరు కృతజ్ఞత చెప్పుకోవలసిన మూడు విషయాలేమిటి అని ఇంగ్లీషులో అచ్చేసి మరీ! కృతజ్ఞత చెప్పుకోవడం మనకి కొత్తగా నేర్పాలా అండీ? పుట్టింది మొదలు అదేగా పని! మోకాళ్ళు లాగుతున్నాయని రాసుకోవడానికి ఆ పుస్తకంలో గడి లేదు. పిల్లల స్కూలు నోట్సులో మిగిలిపోయిన తెల్లకాగితాలు చాలు మనకి.

భువనగిరి ఆవిడతో ఇంత ఉపన్యాసమూ చెప్పలేదు లెండి. “పాల లెక్క కాదండీ, నా లెక్క” అన్నాను. మీరూ రాయకూడదూ అంటే, “నేనేం రాస్త? ఏడో తరగతి దాకనే చదివిన” అంది.

నోటుపుస్తకంలోంచి రెండు కాగితాలు చింపి, ఇంకో కలంతో సహా ఇచ్చాను. “ముందు తేదీ వెయ్యండి” అన్నాను. వేసింది. అద్దాల్లోంచి విమానాల్ని చూస్తూ చాలాసేపు కూర్చుంది. తర్వాత కాగితాన్ని సంచి మీద పెట్టుకుని, ఎడమ చెయ్యి అడ్డం పెట్టుకుని, మెల్లిగా రాయడం మొదలెట్టింది.

పాల లెక్క కాదని మాత్రం చెప్పగలను. నేనటు చూళ్ళేదు.